కావేరీతీరమున తెలుగువారి వ్రాతపని

తంజావూరు తెలుగును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడు మనకు వెంటనే జ్ఞప్తికి వచ్చునది రఘునాథనాయకుని యాస్థానము. చేమకూర వేంకటకవి, విజయరాఘవుని కొలువు, పసుపులేటి రంగాజమ్మ, పిదప మహారాష్ట్ర ప్రభువగు శాహజీ వ్రాసిన తెలుగు యక్షగానములు, మెలట్టూరు భాగవతమేళము, అన్నిటికిని మించి తిరువైయారున త్యాగరాజస్వామి కీర్తనలు - ఇవియే మన సంచికలలో మరల మరల చోటు చేసికొనుచుండును. ఇవి యన్నియు నోటికిని చెవికిని సంబంధించినవి. తాటియాకులపై నెక్కి సరస్వతీమహలు భాండాగారమున నిలిచినవి గూడ వీనిలో గలవు. కావున చరిత్ర వ్రాయువారికి సులభముగ చిక్కినవి. కాని తెలుగునాటినుండి ఆ సీమకు పోయినవారిలో కలమును మఱియొక పనికి వాడినవారు గలరు. వారు పద్యము వ్రాయలేదు. గుడ్డపై దేవతలను వ్రాసిరి, హంసలను వ్రాసిరి, తీగలును తామరలును బారులుబారులుగ వ్రాసిరి. వారి వ్రాత ఎండకును వానకును గురియై, స్వామి రథముతోపాటు మాడవీధులు తిరిగి, చివికి, చిరిగి, మఱల క్రొత్తది వ్రాయబడుచు వచ్చినది. ఆ చేతిపనిని గూర్చియే యీ వ్యాసము.

కుంభకోణమునకు చేరువగా, తిరుప్పనందాళ్ ప్రాంతమున, సిక్కల్‌నాయకన్‌పేట యను గ్రామము గలదు. అచటను, కరుప్పూరునను కలముతో గుడ్డలపై చిత్రించు కుటుంబములు కొన్ని నేటికిని గలవు. ఇరుగుపొరుగు తమిళము. కోవెలలో విన్నపము తమిళము. పిల్లల చదువు తమిళము. ఇంటిలో మాత్రము తెలుగు. నాయకరాజుల కాలమున తమ పూర్వులు ఆంధ్రదేశమునుండి వచ్చిరని వారి యింటి పరంపర చెప్పుచున్నది. ఈ పరంపరను శంకించుటకు నాకు కారణము కనబడదు. 1532 ప్రాంతమున సేవప్ప నాయకుడు తంజావూరు పాలనకు వచ్చినది మొదలు 1673లో విజయరాఘవుడు యుద్ధమున పడిపోవు వఱకు గల నూటనలువది సంవత్సరములలో తెలుగు దేశమునుండి దండుతో వచ్చినవారు, కోమట్లు, పండితులు, నట్టువులు, సేద్యగాండ్రు కావేరీ మైదానమున స్థిరపడిరి. మెలట్టూరు అగ్రహారము అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబములకు దానము చేసినదని ప్రసిద్ధి. పండితునికి అగ్రహారము దొరకిన చోట పనివానికి ఒక పేట దొరకుట సహజమే. ఆ గ్రామము పేరిలోనే నాయకుడును ఉన్నాడు, పేటయు ఉన్నది.

ఈ పనిని నేడు దేశమంతటను కలంకారీ యందురు. అది పారసీక పదము. కలముతో చేయు పని యని యర్థము. గోలకొండ నవాబుల కాలమున, వర్తకుల నోటను స్థిరపడిన పేరది. మనవారు ఇంటిలో వాడిన మాట 'వ్రాతపని'. తెలుగున అక్షరమును వ్రాయుదుము, బొమ్మను గూడ వ్రాయుదుము. రెండింటికిని ఒకటే క్రియ. తమిళమునను ఎழுదు టయు చిత్రించుటయు ఒకే ధాతువుతో చెప్పబడుట గలదు. ఈ మాట యొకటి చాలును, ఈ పనివారు తమ్ము రంగులు పూయువారినిగా గాక గీత గీయువారినిగా తలచుకొనిరని తెలియుటకు. రంగు తరువాతిది. ముందు నల్లని గీత.

ఆ నల్లని గీత యెట్లు వచ్చునో కొంత విపులముగ చెప్పవలసియున్నది. ఏలయన నా వాదమంతయు దానిపై నాధారపడియున్నది. శ్రీకాళహస్తిలోనైనను తంజావూరు ప్రాంతముననైనను పద్ధతి మూలమున నొక్కటియే. మొదట కోరాబట్టను తెచ్చి, పేడనీట నానవైచి, పాఱుచున్న యేటినీట ఉదికి, ఇసుకపై నెండవేసి, గంజియు మురికియు పోవు వఱకు మఱల మఱల తడుపుదురు. పిమ్మట కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి బట్టకు పట్టింతురు. కరక్కాయ వగరు బట్ట పోగులలోనికి ఇంకును. పాలలోని వెన్న సిరా చెమ్మగిలి ప్రక్కలకు వ్యాపింపకుండ కాచును. అప్పుడు బట్ట లేతపసుపు చాయ దాల్చి వ్రాతకు సిద్ధమగును.

సిరా వేఱొక కుండలో సిద్ధమగుచుండును. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వైచి మూతబెట్టి రెండు మూడు వారములు పులియనిత్తురు. పులిసిన నీరు ఇనుమును కొంచెము కొంచెముగ కరిగించుకొనును. దీనినే కాళహస్తివారు కసిమి యందురు. చూచుటకు ఇది పలుచని గోధుమవన్నె నీరు మాత్రమే. ఏ కాగితముపైనో చుక్కవేసిన నలుపన్నదే కానరాదు. కరక్కాయ పట్టిన బట్టను తాకినతోడనే ఇనుమును వగరును కలిసికొని కారునలుపు పుట్టును. అనగా ఈ సిరా సగము కుండలోను, సగము బట్టలోను ఉన్నది. రెండును కలిసికొన్న చోట మాత్రమే అది సిరా.

కలము గూడ అట్టిదే. వెదురుపుల్లను మొనదేల్చి, మొనకు కొంచెము పైగా ఉన్నినిగాని వెండ్రుకలనుగాని ఉండగా చుట్టి దారముతో బిగింతురు. ఉండను సిరాలో ముంచిన సిరాను పీల్చుకొనును. వ్రాయునప్పుడు వ్రేళ్ళతో దానిని మెల్లగా నొక్కిన, నొక్కినంత మేరకు సిరా మొనకు దిగును. ఒత్తిడి యెక్కువైన గీత ఉబ్బును, తక్కువైన తెగును. చింతబరికలను కాల్చిన బొగ్గుపుల్లతో ముందుగా లేతగా రూపు గీచికొందురు, దానిని దులుపవచ్చును. కాని కలము తగిలిన పిమ్మట దులుపుట లేదు, చెరుపుట లేదు. ఇనుమును వగరును కలిసి పోగులోపల పుట్టిన నలుపు ఏ నీటికిని పోదు. పొరపడిన గీతను పనివాడు తీగగానో ఆకుగానో మలచుకొనవలసినదే.

ఈ కారణముననే వ్రాతపనివానికి తొందర యన్నది పనికిరాదు. అతని ఊపిరియు వ్రేళ్ళ ఒత్తిడియు ఒక లయలో పడవలెను. బాసింపట్టు వేసికొని, ఒక మోకాలిని ఆనుగా చేసికొనియో, పలకపై బట్ట పఱచికొనియో, గంటలతరబడి అదే గీతను అదే బరువుతో గీయుట అభ్యసింపవలెను. మనస్సు చెదరిన గీత చెదరును; గీత చెదరిన అది రథోత్సవమున ఊరంతయు చూచును. యోగశాస్త్రమెఱుగని పనివాడు ఈ నిగ్రహమును ఇనుపనీటివలన నేర్చినాడు.

దేవతామూర్తులు వ్రాయునప్పుడు ఈ నిగ్రహముతోపాటు శ్రద్ధ, భయము గూడ నుండును. కన్ను తెఱచుట, ఆయుధము పట్టు చేయి, ముఖలక్షణము తప్పరాదు. కాని బట్టలో మూర్తి కొంతయే. మిగిలిన వైశాల్యమంతయు అంచులు, పట్టెలు, పద్మములు, గొలుసుతీగలు, చుక్కల బారులు. తంజావూరువారి ప్రధాన సృష్టులను చూచిన ఇది స్పష్టమగును. రథమునకును మండపమునకును వ్రేలాడగట్టు గొట్టమువంటి తొంబైలు, స్వామి తలపై కట్టు అస్మానగిరి యను పందిరిబట్టలు, ద్వారములకు కట్టు తోరణములు, గొడుగు కప్పులు - ఇవి కథ చెప్పు బట్టలు కావు, అలంకరించు బట్టలు. తొంబై గుండ్రముగ తిరుగునది గదా, దానికి మొదలు తుది లేదు. ఒక పట్టెలో హంసలు, ఒక పట్టెలో తామరలు, నడుమ వంకీల గొలుసు, మఱల హంసలు. కాళహస్తివారి రామాయణ భారత పటములలో గడిగడికి కథ నడచును, గళ్ళకు పైన తెలుగు అక్షరములతో వివరణలు గూడ నుండును. తంజావూరు సీమ పనిలో కథకంటె పునరావృత్తికి పెద్దపీట. తెలుగు చదువు పిల్లలకు కొరతపడిన సీమలో చదువనక్కరలేని వ్రాత నిలిచినదని తలంచుట అతిశయోక్తి కాదేమో.

ఈ పట్టెలు వ్రాయుటలో ఒక విశ్రాంతి గలదు. మూర్తి వ్రాసిన చేతికి పట్టె వ్రాయుట సేదదీర్చుకొనుట వంటిది. ఏమి వ్రాయవలెనను చింత లేదు. ముందటి పువ్వే తరువాతి పువ్వునకు కొలత. చేయి తనంతట పోవుచుండగా మనస్సు తేలికపడును. మన యాడువారు ధనుర్మాసమున చుక్కలు పెట్టి మెలికల ముగ్గు కలుపునపుడు పొందు నెమ్మది ఇటువంటిదే. ఇటీవల అమెరికాదేశమున రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అనువారిరువురు ఈ శతాబ్ది తొలిదశకమున 'జెన్‌టాంగిల్' అను నొక పద్ధతిని ప్రచారము చేసిరి. చేతిలో నిముడు కాగితపు పలకపై నల్లసిరాతో చిన్నచిన్న నమూనాలను మరల మరల గీచి నింపుట, రబ్బరు వాడకుండుట దాని నియమములు. తీరిక వేళ మనశ్శాంతికై లక్షలాదిమంది నేడు ఇట్టి గీతల నభ్యసించుచున్నారు. మంచిదే. కాని చెరుపరాదను నియమమును వారు కోరి పెట్టుకొన్నారు. కరుప్పూరు పనివానికి అది కరక్కాయ పెట్టిన నియమము. వారికి శాంతి ప్రయోజనము. ఇతనికి అది పని నడుమ దొరకు ఉపఫలము. ప్రయోజనము కూలి.

ఆ కూలి ఎవరిచ్చిరి? ఇక్కడ చరిత్ర కొంత విశాలమగును. తంజావూరు బృహదీశ్వరాలయ ప్రదక్షిణమార్గమున చోళుల నాటి కుడ్యచిత్రములపై నాయకుల కాలమున మఱల చిత్రములు వ్రాయబడెను. 1931లో ఎస్. కె. గోవిందస్వామి ఆ పైపూత క్రింది చోళచిత్రములను కనుగొనినప్పుడు లోకమంతయు క్రింది పొరను కొనియాడినది. పైపొర వ్రాసినవారిని అడిగినవారు తక్కువ. నాయకరాజులు కోవెలలకు గోడవ్రాతయు గుడ్డవ్రాతయు సమృద్ధిగా చేయించిన ప్రభువులు. ఇది యొక పోషణ.

రెండవది సముద్రము. 17వ శతాబ్దిలో మచిలీపట్నము, నిజాంపట్నము, పులికాటు రేవులనుండి కలముతో వ్రాసిన వస్త్రములు తూర్పుదీవులకును, పారసీకమునకును, ఐరోపాకును ఎగుమతి యగుచుండెను. డచ్చివారు, ఇంగ్లీషువారు కోరమండల తీరమున కోఠీలు కట్టుటకు ఇవి యొక ముఖ్యకారణము. వాని గిరాకికి భయపడి ఫ్రాన్సు ప్రభుత్వము 1686లోను, ఇంగ్లండు 1700, 1720 సంవత్సరములలోను చట్టములు చేసి తమ దేశములలో నిషేధించిరి. ఫ్రాన్సులో ఆ నిషేధము 1759 వఱకు సాగెను. నిషేధము నడచుచుండగానే, ఈ రంగులు నీటికి పోకుండుటలోని రహస్యమును కనిపెట్టుటకు పరదేశీయులు పూనుకొనిరి. జెస్యూటు మతగురువు గాస్టన్ లోరాన్ కేర్దూ 1742లో స్వదేశమునకు వ్రాసిన లేఖలో గేదెపాలు, కరక్కాయ, కలము, చిరివేరు మొదలగువానితో సాగు పనినంతటిని వరుసగా వర్ణించెను. క్రైస్తవులైన చిత్రకారులను అడిగి అతడు ఈ సంగతులు తెలిసికొనెను. ఇతడు తెలుగు నేర్చి తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చినవాడగుట మనకు ప్రత్యేకముగ గమనింపదగినది. అతని లేఖలో కరక్కాయ 'కదు' అనియు, చిరివేరు 'సాయవేరు' అనియు తమిళపు పేళ్ళతో కనబడును. అడిగినవారికి ఒక భాషలో, ఇంటివారికి ఒక భాషలో చెప్పుట ఆ పనివారికి నాటికే అలవాటై యుండును.

మూడవ పోషణ రాణివాసము. కొళ్ళిడము తీరమున కోడాలి కరుప్పూరు చీరలు తంజావూరు మహారాష్ట్ర రాజకుటుంబమునకై నేయబడినవి. నేతలోనే జరీ పూవులను పొదిగి, మిగిలిన నూలుభాగమున కలముతో మైనపు గీతలు గీచి, ఎఱుపు రంగులో ముంచి తీయుదురు. మైనమున్న చోట రంగు పట్టదు. అందుచే మందమైన ఎఱుపు నడుమ తెల్లని సన్నగీతలును, వానిలోపల బంగారును ఒకటి నొకటి తొంగి చూచుచుండును. నేతగాని చేయి, వ్రాతగాని చేయి, అద్దకపువాని చేయి ఒకే చీరలో కలిసిన పని మన దేశమున అరుదు. 1855లో శివాజీ ప్రభువు పురుషసంతానము లేక మరణింపగా కుంఫిణీవారు రాజ్యమును కలుపుకొనిరి. కొనువారు పోయిరి. ఆ శతాబ్ది గడచులోపల ఆ చీరల నేత నిలిచిపోయినది. ఇప్పుడవి వస్తుప్రదర్శనశాలల గాజు పెట్టెలలో చూడవలసినవే. ఇటీవల కొందరు వాని ననుకరించి మఱల చేయ యత్నించుచున్నారు.

సముద్రము పోయినది, రాణివాసము పోయినది; కోవెల మిగిలినది. కోవెల గిరాకి పెద్దది కాదు, కాని తెగనిది. రథము ఏటేట కదలును. బట్ట ఏటేట నలుగును. ఈ నలుగుటయే ఆ కుటుంబములను నిలిపినదని నా యభిప్రాయము. పట్టుదలతో దాచిపెట్టిన వస్తువునకు మఱల పని యుండదు. మైసూరునగాని ఢిల్లీనగాని దాచిన పటము పదితరముల వెనుకటి ఒక చేతిని చూపును. వానలో తడిసిన తొంబై తరువాతి తరపు చేతికి పని ఇచ్చును. అయినను 20వ శతాబ్దిలో ఈ ఆధారమును సడలినది. మిల్లుగుడ్డలను రంగురంగులుగ కత్తిరించి కుట్టిన తొంబైలు చవకగా, తేలికగా దొరకుటచే వ్రాసిన తొంబై చోటు తగ్గినది.

1917లో మద్రాసు కళాపాఠశాలకు అధికారిగానుండిన హాడవే దొర రాజధానిలోని గుడ్డవ్రాత, అద్దకముల పై నొక గ్రంథము ప్రకటించెను. అప్పటికే రసాయనిక రంగులు సంతలలో నిండినవి. కాళహస్తిలో పని అడుగంటుచుండగా, కమలాదేవీ చట్టోపాధ్యాయ ప్రోద్బలమున 1950 దశకము చివర అచట శిక్షణకేంద్రమొకటి వెలసి పిల్లలకు కలము పట్టించినది. అచటి శిల్పి జొన్నలగడ్డ గుఱప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించినది. తంజావూరు ప్రాంతపు కుటుంబములకు అట్టి వెలుగు ఆలస్యముగ సోకినది. లోతికా వరదరాజన్ 1982లో దక్షిణదేశపు కలంకారీ సంప్రదాయములపై ప్రకటించిన గ్రంథము పరిశోధకుల దృష్టిని ఇటు మరలించినది. 2021లో 'కరుప్పూరు కలంకారీ చిత్రములు' అను పేరున భౌగోళిక గుర్తింపు ఆ సీమకు వచ్చినది. చట్టము ఊరి పేరును కాచును, అది దాని పని. ఆ యూరి పనివారి నోటిలోని మాటలను కాచుట చట్టమునకు చేతకాదు.

నేడు చెన్నపట్టణమునను, బెంగుళూరునను, పుణేలోను ఉద్యోగస్థులు, గృహిణులు సెలవుదినములలో కలంకారీ నేర్చుకొనుచున్నారు. కరక్కాయయు పాలును పట్టించి సిద్ధపఱచిన బట్ట అంగడిలో దొరకును. కొందరు కాగితముపై మార్కరు కలముతోనే హంసల పట్టెలు గీచి తృప్తిపడుదురు. దీనిని కొందరు పండితులు ఈసడించుట విన్నాను. నేను వారితో ఏకీభవింపను. పట్టె గీయుటలోని నెమ్మది ఎవరికైనను పట్టుబడునదే. అది పనివాని సొత్తు కాదు. కాని ఒక్క భేదము మాత్రము చెప్పక తప్పదు. సెలవునాడు గీయువానికి గీతతో పని ముగియును. పనివానికి గీత పిమ్మట మొదలగును: పటిక నీరు పూయుట, ఆరబెట్టుట, ఏటిలో జాడించుట, చిరివేరుతోనో మంజిష్ఠతోనో రాగిపాత్రలో ఉడికించుట, పటిక తగిలిన చోట మాత్రమే ఎఱుపు నిలువగా మిగిలిన చోట మరల పేడనీటితోను ఎండతోను తెలుపు చేయుట, పసుపు కొరకు మరల పాలు పట్టించుట, నీలి కొరకు మైనము కప్పుట. ఉదికిన ప్రతిసారియు పాఱునీరు కావలెను. నిలిచిన నీటిలో ఉదికినచో విడిన రంగు మరల తెల్లనిచోట అంటుకొనును. కాళహస్తికి స్వర్ణముఖి, కరుప్పూరునకు కొళ్ళిడము ఊరక దొరకిన పొరుగులు కావు. ఏటిలో నీరు సన్నగిలిన యేడు ఈ పనివాని నెమ్మది గూడ సన్నగిలును.

మన సమాఖ్య సభ్యులలో కుంభకోణము, మాయవరము ప్రాంతములవారు గలరు గనుక వారికొక విన్నపము. ఈ కుటుంబములలోని పెద్దలు కలముపై చుట్టిన ఉండను, పట్టెలోని ప్రతి వంకీని, పులిసిన సిరాయొక్క పక్వమును, గీత ఉబ్బుటను, తెగుటను ఏ తెలుగుమాటలతో చెప్పుచున్నారో, పని జరుగుచున్న చోట కూర్చుండి వ్రాసికొనవలెను. గ్రంథములలోని పదములు చూపి 'ఇది మీరు వాడుదురా?' యని యడుగరాదు. అట్లడిగిన మర్యాదకై ఔననియే యందురు. పెద్దవాడు మనుమనికి పట్టె దిద్దించు నప్పుడు నోట వచ్చు మాటలే కావలసినవి.